రోజెట్ నెబ్యులా త్రీడీలో అట్టముక్కలా ఎందుకు వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఉప్పల్‌లో డాబా మీద నుంచి 80 ఎంఎం ఎఫ్/6 రిఫ్రాక్టర్, 294 రకం కలర్ కెమెరా, డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో (హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగుని మాత్రమే వదిలేది) రోజెట్ నెబ్యులాను, అంటే ఆ గ్యాస్, దుమ్ము మేఘాన్ని, 7 గంటలు తీశారు. ఆ ఫొటోనే బ్లాక్ అండ్ వైట్ చేసి డెప్త్ మ్యాప్‌గా (తెలుపు దగ్గర, నలుపు దూరం అని చెప్పే బొమ్మ) పెట్టి కుడికంటి బొమ్మ, ఎడమకంటి బొమ్మ చేశారు. నక్షత్రాలు కోడిగుడ్లలా సాగిపోయాయి. నెబ్యులా నలిపిన అట్టముక్కలా ఉంది. ఎరుపు-సయాన్ కళ్ళజోడు పెట్టుకుంటే రెండు నిమిషాలకే తల పట్టేస్తోంది. ఇవన్నీ సరిచేసుకుని కాలనీ పిల్లలకు ప్రొజెక్టర్ మీద చూపించాలి.

ఈ మూడూ ఒకే తప్పు వల్ల వచ్చినవి కావు. నక్షత్రాలు సాగడం ప్రాసెసింగ్ వరసలో పొరపాటు. తలనొప్పి రంగుల వల్ల. అట్టముక్క సంగతే అసలైనది: వెలుగుకీ దగ్గరితనానికీ సంబంధం ఉందని మీ డెప్త్ మ్యాప్ అనుకుంటోంది, నెబ్యులాలో ఆ సంబంధం లేదు. చాలాచోట్ల తలకిందులుగా కూడా ఉంటుంది.

అంతకంటే ముందు ఒక లెక్క చూడండి. "నిజమైన త్రీడీ తీయలేమా, ఆరు నెలల తేడాతో రెండు ఫొటోలు తీస్తే?" అని చివర్లో అడిగారు కాబట్టి. రోజెట్ దూరం సుమారు 5,000 కాంతి సంవత్సరాలు. భూమి సూర్యుడికి ఇటు నుంచి అటు వెళ్తే మనకు దొరికే కళ్ళ మధ్య దూరం దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు, అంటే కాంతికి పదహారున్నర నిమిషాల ప్రయాణం. ఆ తేడాకి నెబ్యులా మొత్తం 1.3 మిల్లీ ఆర్క్‌సెకండ్లు జరుగుతుంది (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు). నెబ్యులా ముందు అంచుకీ వెనక అంచుకీ మధ్య 100 కాంతి సంవత్సరాలు ఉందనుకుంటే, ఆ రెండింటి జరుగుడులో తేడా అందులో 2 శాతం. మీ సెటప్‌లో పిక్సెల్‌కి 2 ఆర్క్‌సెకండ్లు వస్తాయి (4.63 మైక్రాన్ల పిక్సెల్, 480 ఎంఎం ఫోకల్ లెంగ్త్). అంటే మీరు పట్టుకోవాల్సింది ఒక పిక్సెల్‌లో 70,000వ వంతు కన్నా చిన్నది. 2020 ఏప్రిల్‌లో న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 700 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోలని భూమి మీద తీసినవాటితో జతచేసి ప్రాక్సిమా సెంటారీని, వుల్ఫ్ 359ని స్టీరియోలో చూపించారు. అవి మనకి పక్కింటి నక్షత్రాలు, ఒకటి 4.2, ఇంకొకటి 7.9 కాంతి సంవత్సరాల దూరం. నెబ్యులాకి ఆ దారి లేదు.

ఇప్పుడు ఇదే లెక్క తిరగేయండి. నెబ్యులా లోతు మీ ఫొటోలో కనీసం 30 పిక్సెళ్ళ తేడాగా కనిపించాలంటే కళ్ళ మధ్య దూరం 73 కాంతి సంవత్సరాలు ఉండాలి. సరే, అంత కళ్ళున్న మహానుభావుడే చూస్తున్నాడనుకోండి. 1,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మామూలు ముందువరస నక్షత్రం అతనికి నెబ్యులాతో పోలిస్తే 6,000 పిక్సెళ్ళు పక్కకి జరుగుతుంది. మీ ఫొటో వెడల్పే 4,144. ఫ్రేమ్ దాటి ఎక్కడికో పోతుంది. అందుకే "అన్నీ అసలు దూరాల ప్రకారమే పెట్టాను" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. నెబ్యులా లోతుకి ఒక స్కేలు, నక్షత్రాలకి ఇంకో స్కేలు పెట్టుకోక తప్పదు. ముందు ఎవరు, వెనక ఎవరు అన్న వరస మాత్రం నిజంగా ఉంచగలం. మన పూచీ అంతవరకే.

కాబట్టి పిక్సెళ్ళ బడ్జెట్ ముందే రాసుకోండి. 4,144 వెడల్పుకి కుడి ఎడమల మధ్య మొత్తం తేడా 60 పిక్సెళ్ళు దాటనివ్వకండి, అంటే ఒకటిన్నర శాతం. మూడు శాతం దాకా వెళ్ళొచ్చని చాలాచోట్ల రాస్తారు. అది వస్తువులతో నిండిన మామూలు ఫొటోలకి. నల్లటి ఆకాశంలో కంటికి ఆసరా తక్కువ, చుక్కలు జంట కలవడానికి తంటాలు పడతాయి. నా పంపకం ఇలా ఉంటుంది (ప్లస్ అంటే తెర ముందుకి, మైనస్ అంటే వెనక్కి): మధ్యలోని ఎన్‌జీసీ 2244 నక్షత్రగుచ్ఛం ఉన్న తలం సున్నా, తెర అదే. నెబ్యులాకి ప్లస్ 15 నుంచి మైనస్ 15. దాని ముందున్న నక్షత్రాలకి ప్లస్ 17 నుంచి 32. వెనకవాటికి మైనస్ 18 నుంచి 28. ఒక్కో కంటికి ఇందులో సగమే జరపాలి. ఫొటోని 2,800 చదరంగా కత్తిరిస్తే ఈ అంకెలన్నీ మూడింట రెండొంతులకి తగ్గించుకోండి. ఇది మర్చిపోయి మొత్తం చెడగొట్టుకున్నవాళ్ళు చాలామంది.

నక్షత్రాలు వేరుచేయడం

డెప్త్ మ్యాప్ పనికి ముందే నక్షత్రాలు పక్కకి రావాలి. మీ గుడ్లకి కారణం ఇదే: మ్యాప్‌లో నక్షత్రం తెల్లని చుక్క. నడిబొడ్డు ఎక్కువ జరిగింది, చుట్టూ ఉన్న కాంతి తక్కువ జరిగింది, గుండ్రం కాస్తా సాగింది. నక్షత్రాల్ని ఫొటోలోంచి తీసేసే స్టార్‌నెట్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఖగోళ ఫొటోలు ప్రాసెస్ చేసే సిరిల్ లోపలి నుంచి కూడా నడుస్తుంది. స్ట్రెచ్ చేసిన (మసక వివరాలు కనిపించేలా వెలుగు పెంచిన) 16 బిట్ టిఫ్ మీద నడపండి.

దానికి ముందు గ్రేడియంట్ (ఊరి వెలుగు వల్ల ఆకాశం ఒక వైపు ఎక్కువ వెలుగ్గా ఉండటం) తీసేయాలి, గ్రాఎక్స్‌పర్ట్‌తోనో సిరిల్‌లోని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్‌తోనో. హైదరాబాద్ ఆకాశానికి ఇది తప్పనిసరి. మామూలు ఫొటోలో కొంచెం గ్రేడియంట్ మిగిలితే చూసీచూడనట్టు పోనిస్తాం. ఇక్కడ ఆ వెలుగే మ్యాప్‌లోకి చేరుతుంది, ఊరి వైపున్న అంచు ముందుకి లేచి నెబ్యులా మొత్తం వాలిన తలుపులా కనిపిస్తుంది. రోజెట్ మనకి తల మీద 77 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది కాబట్టి ఆ పైనున్న గంటల ఫ్రేములు ఎక్కువ వాడుకోండి. పడమటికి వాలాక తీసినవి మ్యాప్ కోసమైతే పక్కన పెట్టినా నష్టం లేదు.

నక్షత్రాల పొర తీసేటప్పుడు అసలు ఫొటోలోంచి నక్షత్రాలు లేని ఫొటోని నేరుగా తీసివేయకండి. నెబ్యులా మీద ఉన్న నక్షత్రాలు పాలిపోతాయి, తర్వాత జరిపి కలిపినప్పుడు చుట్టూ నల్ల అంచు కనిపిస్తుంది. అన్‌స్క్రీన్ పద్ధతి వాడండి: విలువలు 0 నుంచి 1 మధ్య ఉన్నాయనుకుంటే, 1 లోంచి అసలు ఫొటో తీసేసి, దాన్ని (1 లోంచి నక్షత్రాలు లేనిది తీసేసిన) విలువతో భాగించి, వచ్చిందాన్ని మళ్ళీ 1 లోంచి తీసేయాలి. తిరిగి కలిపేటప్పుడు స్క్రీన్ మోడ్.

తర్వాత నక్షత్రాలు లేని ఫొటోని 100 శాతం జూమ్‌లో ఓపిగ్గా చూడండి. పెద్ద నక్షత్రాలు ఉన్నచోట లేత మరకలు మిగులుతాయి. డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్లు ఆక్సిజన్ వైపు గుండ్రటి హేలోలు వేస్తాయి, వాటిని స్టార్‌నెట్ నక్షత్రం అనుకోదు, వదిలేస్తుంది. మీ ఫొటోలో 12 మోనోసెరోటిస్ అనే ప్రకాశవంతమైన నక్షత్రం దగ్గర తప్పకుండా ఒకటి ఉంటుంది. ఫ్లాట్‌గా చూసినప్పుడు ఎవరూ పట్టించుకోని ఈ మరక త్రీడీలో మొటిమలా పైకి లేస్తుంది. హీలింగ్ బ్రష్‌తో తుడిచేయండి.

డెప్త్ మ్యాప్: ఇక్కడే సమయం పెట్టాలి

వెలుగు ఎక్కువుంటే అక్కడ గ్యాస్ ఎక్కువగా, వేడి నక్షత్రాల వైపు తిరిగి ఉందని అర్థం. మనకి దగ్గరగా ఉందని కాదు. గుచ్ఛానికి వెనకున్న గోడ మన వైపు ముఖం పెట్టి వెలుగుతుంది, అది మీ మ్యాప్‌లో ముందుకి వచ్చేసింది. దుమ్ము గుళికలు నల్లగా కనిపిస్తున్నాయంటే వెనక వెలుగుని అడ్డుకుంటున్నాయన్నమాట, అంటే అవి ముందున్నాయి. మీ మ్యాప్ వాటిని అట్టడుగు గుంటల్లోకి తోసింది. రోజెట్ వాయవ్య భాగంలో వరసగా ఉన్న ఆ నల్ల తొండాలు, చుక్కలు చూడండి. వాటి తీరు ఒక్కటి సరిచేస్తేనే సగం ప్రాణం వస్తుంది.

కంప్యూటర్ ముందు కూర్చునేముందు ఒక కాగితం మీద ఏది ముందు, ఏది వెనక రాసుకోండి. రోజెట్‌కి నేను రాసుకునే క్రమం ఇది. మధ్యలో బోలు ఉంది, హెచ్‌డీ 46223, హెచ్‌డీ 46150 లాంటి 'O' తరగతి (బాగా వేడి) నక్షత్రాల గాలులు ఊడ్చేసిన చోటు. అక్కడ మన చూపు లోపలికి వెళ్తుంది, కాబట్టి లోతు. బోలు చుట్టూ ఉన్న మందపాటి అంచు ముందుకి. అంచు నుంచి బయటికి పోయేకొద్దీ నెమ్మదిగా సున్నా వైపు దిగాలి. నల్ల తొండాలు అంచు కన్నా ఇంకొంచెం ముందుకి. ఆక్సిజన్ వెలుగు నక్షత్రాలకి దగ్గరగా, బోలు లోపలి వైపు ఉంటుంది, హైడ్రోజన్ దాని బయట. అందుకని ఆక్సిజన్ ఉన్నచోటు అంచు కన్నా ఒక మెట్టు వెనక్కి.

చాలామంది రోజెట్‌ని గుండ్రటి బంతిలా చేస్తారు. 2018లో లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళు సిమ్యులేషన్లు చేసి, మధ్య బోలు అంత చిన్నగా ఉండాలంటే అసలు మేఘం పలచటి రేకులా ఉండాలని చూపించారు. రేకుకి కన్నం పడింది, గాలి ఆ కన్నంలోంచి బయటికి పోయింది. కాబట్టి బంతి కన్నా గారె ఆకారం మేలు: నడుమ కన్నం, చుట్టూ ఉబ్బు, బయటికి పలచన. కంటికీ ఇదే బాగా ఆనుతుంది.

వేరే నెబ్యులాలకి ఈ లెక్క మారుతుంది. గుర్రపుతల, అంటే బర్నార్డ్ 33, వెనకున్న ఐసీ 434 వెలుగు మీద పడ్డ నీడబొమ్మ, కాబట్టి ఎర్ర పరదా వెనక్కి, తల ముందుకి. ఓరియన్ నెబ్యులా మన వైపు తెరుచుకున్న గిన్నె, ట్రెపీజియం అనే నక్షత్రాల గుంపు ఆ గిన్నె ముందు వేలాడుతుంది. ఎం16లోని (ఈగిల్ నెబ్యులా) స్తంభాలని అన్నీ ఒకే తలంలో పెట్టేస్తుంటారు. 2015లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్ మీదున్న మ్యూజ్ పరికరంతో చూస్తే ఎడమ స్తంభం కొన మన వైపు వంగి ఉందని, ఆ స్తంభం ఎన్‌జీసీ 6611 గుచ్ఛానికి వెనక ఉందని, మిగతావి ముందున్నాయని తేలింది. ఎం57 రింగ్ నెబ్యులా కూడా చదునైన ఉంగరం కాదు. 2013లో హబుల్ పరిశీలనలు దాని మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో గ్యాస్ ఉందని, దాని పొడుగు మన వైపే తిరిగి ఉందని చెప్పాయి.

ఇక మ్యాప్ గీయడం. 16 బిట్ గ్రే ఫైలు, ఫొటో ఎంత సైజో అంతే సైజు, నిండా మధ్య గ్రే, 8 బిట్ లెక్కలో 128. దాని మీద పెద్ద మెత్తటి బ్రష్‌తో గారె ఆకారం వేయండి: కన్నం దగ్గర 50 నుంచి 60, అంచు మీద 180, బయటి కొసల్లో 120. ఇది అడుగు పొర. రెండో పొర హైడ్రోజన్ వివరాలు. మీ కలర్ కెమెరాలో ఎరుపు ఛానెల్ హైడ్రోజన్, ఆకుపచ్చ నీలం కలిపితే ఆక్సిజన్. నక్షత్రాలు లేని ఎరుపు ఛానెల్ తీసుకుని దాన్ని 20 పిక్సెళ్ళ గౌసియన్ బ్లర్ చేసి, 25 శాతం ఒపాసిటీతో సాఫ్ట్‌లైట్ మోడ్‌లో పైన వేయండి. అంచు మీద మడతలు, గట్లు దీనివల్ల వస్తాయి. దీన్ని 60 శాతానికి పెంచారో మళ్ళీ నలిగిన అట్టే. మూడో పొర దుమ్ము: తొండాలని చేత్తో సెలెక్ట్ చేసి, 8 పిక్సెళ్ళు ఫెదర్ చేసి, 215 దగ్గర నింపండి. దీన్ని ఆటోమేటిక్‌గా వెలుగు తిరగేసి చేద్దామనుకోకండి, ఖాళీ ఆకాశం కూడా నల్లదే కదా, అది కూడా ముందుకి దూకుతుంది.

మొత్తం అయ్యాక ఇంకోసారి 6 నుంచి 8 పిక్సెళ్ళ బ్లర్. ఎందుకంటే జరుగుడు ఏ చోటైనా పిక్సెల్‌కి ఒక పిక్సెల్ మించి మారితే బొమ్మ తన మీద తాను మడతపడుతుంది, లేదా చిరిగి గీతలు వస్తాయి. ఒక కంటికి గరిష్ఠ జరుగుడు 7.7 పిక్సెళ్ళు అనుకుంటే, మధ్య గ్రే నుంచి తెలుపుకి మారే అంచు కనీసం 20 పిక్సెళ్ళ మేర పరుచుకుని ఉండాలి. తొండాల అంచుల దగ్గర ఇది ముందు తేడా కొడుతుంది, అక్కడే చూడండి.

లోతుని ఊహించే ఏఐ మోడళ్ళ గురించి కూడా అడిగారు. మిడాస్, డెప్త్ ఎనీథింగ్ లాంటివి రోడ్లు, గదులు, మనుషుల ఫొటోల మీద నేర్చుకున్నవి. నెబ్యులా ఇస్తే ఫొటో కింది భాగాన్ని నేల అనుకుని ముందుకి లాగుతాయి. ఫొటోని తలకిందులు చేసి మళ్ళీ ఇవ్వండి, లోతు కూడా తిరగబడిపోతుంది. ఈ పనికి వద్దు.

జరపడం

ఫొటోషాప్‌లో మ్యాప్‌ని పీఎస్‌డీగా సేవ్ చేసి, నక్షత్రాలు లేని ఫొటో మీద ఫిల్టర్, డిస్టార్ట్, డిస్‌ప్లేస్. అక్కడ స్కేలు 100 అంటే 128 పిక్సెళ్ళు. కాబట్టి ఎడమకంటికి అడ్డం స్కేలు 6, నిలువు 0. కుడికంటికి మైనస్ 6, నిలువు 0. నిలువు సున్నా అని రెండోసారి కూడా చూసుకోండి, ఒకటి రెండు పిక్సెళ్ళు నిలువుగా జరిగినా కళ్ళు లాగేస్తాయి, కారణం మాత్రం తెలియదు. గింప్‌లో అయితే ఫిల్టర్స్, మ్యాప్, డిస్‌ప్లేస్. అక్కడ అంకె నేరుగా పిక్సెళ్ళలో వస్తుంది.

ప్లస్ ఎటు, మైనస్ ఎటు అని బుర్ర పాడుచేసుకోవద్దు, సాఫ్ట్‌వేర్‌ని బట్టి మారుతుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే: ముందున్న వస్తువు ఎడమకంటి బొమ్మలో కుడి వైపుకి, కుడికంటి బొమ్మలో ఎడమ వైపుకి జరిగి ఉండాలి. మ్యాప్‌లో ఒక మూల తెల్లటి బొట్టు పెట్టి, ఒకసారి డిస్‌ప్లేస్ చేసి రెండు బొమ్మలూ మార్చి మార్చి చూస్తే తెలిసిపోతుంది. తేడాగా ఉంటే స్కేలు గుర్తులు మార్చేయండి.

నక్షత్రాలు మళ్ళీ పెట్టడం

నక్షత్రాల పొరకి డెప్త్ మ్యాప్ వాడకూడదు. ఒక్కో నక్షత్రం మొత్తంగా, చెక్కు చెదరకుండా జరగాలి. దూరాలకి గయా అంతరిక్ష టెలిస్కోప్ నక్షత్రాల జాబితా డీఆర్3 ఉంది, 2022 జూన్‌లో వచ్చింది, దాదాపు 146 కోట్ల నక్షత్రాలకి పారలాక్స్ (భూమి తిరిగేకొద్దీ నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, దగ్గరివాటికి ఎక్కువ) ఇస్తుంది. ఖగోళ జాబితాలు దొరికే వీజియర్ వెబ్‌సైట్‌లో రోజెట్ కేంద్రం (6 గంటల 32 నిమిషాలు, ప్లస్ 4 డిగ్రీల 56 నిమిషాలు) చుట్టూ 1.4 డిగ్రీల వ్యాసార్థంతో, జీ మాగ్నిట్యూడ్ (గయా ప్రకాశం కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 14 కన్నా ప్రకాశవంతమైనవి మాత్రం దించుకోండి. మీ ఫొటోని సిరిల్‌లోనో అస్టాప్‌లోనో ప్లేట్ సాల్వ్ చేస్తే ఒక్కో నక్షత్రం ఏ పిక్సెల్ మీద ఉందో వస్తుంది. పారలాక్స్‌ని దాని ఎర్రర్‌తో భాగిస్తే 10 కన్నా ఎక్కువ రావాలి, రూవీ (కొలత ఎంత నమ్మదగ్గదో చెప్పే అంకె) 1.4 కన్నా తక్కువ ఉండాలి. కాంతి సంవత్సరాల్లో దూరం కావాలంటే 3,260ని మిల్లీ ఆర్క్‌సెకండ్లలోని పారలాక్స్‌తో భాగించండి.

రోజెట్ పారలాక్స్ 0.65 దగ్గర వస్తుంది. కాబట్టి 0.80 దాటినవి ముందువరస, 0.55 నుంచి 0.75 గుచ్ఛం పరిసరాలు, 0.50 లోపు వెనకవరస. మధ్యలో తేలనివి సున్నా దగ్గరే వదిలేయండి. గుచ్ఛంలోని నక్షత్రాల్లో ఏది ముందు, ఏది వెనక అని గయాని అడగొద్దు. ఈ ప్రకాశం నక్షత్రాలకి దాని ఎర్రర్ 0.02, 0.03 ఉంటుంది. 0.65లో 0.03 అంటే 5,000 కాంతి సంవత్సరాల్లో 230. నెబ్యులా లోతు కన్నా అదే ఎక్కువ.

ముందువరసకి లాగరిథమ్ స్కేలు: 2,500 కాంతి సంవత్సరాల దూరానికి 20 పిక్సెళ్ళు, 1,000కి 26, 300కి 32. ఒక్కో కంటికి సగం సగం, అంటే 10, 13, 16. పూర్తి పిక్సెళ్ళలోనే జరపండి, అర పిక్సెల్ జరిపితే ఇంటర్‌పోలేషన్ వల్ల నక్షత్రం మెత్తబడుతుంది. ప్రతి నక్షత్రాన్నీ విడిగా జరపక్కర్లేదు. నక్షత్రాల పొరని ఐదారు మాస్కులుగా విడదీసి, ఒక్కో మాస్కుని ఒక్కో దూరంలో పెడితే చాలు. 14 కన్నా మసక నక్షత్రాల్లో ఎక్కువ శాతాన్ని మైనస్ 18 నుంచి 28 మధ్య చెదరగొట్టండి. ఇది ఊహే, కానీ రోజెట్ పాలపుంత పట్టీలోనే ఉంది కాబట్టి మరీ అబద్ధం కాదు.

"ప్రకాశవంతమైనది దగ్గర" అన్న అడ్డదారి రోజెట్‌లో ఒక్కచోట బాగా కలిసొస్తుంది. గుచ్ఛంలో అన్నింటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించే పసుపుపచ్చ నక్షత్రం, ఇందాకటి 12 మోనోసెరోటిస్, అసలు గుచ్ఛానికి చెందిందే కాదు, బాగా ముందున్న వేరే నక్షత్రం. దాన్ని ప్లస్ 30 దాకా లాగండి. నీలి నక్షత్రాలు సున్నాలో, వాటి ముందు గాలిలో వేలాడుతున్న పసుపు దీపం. పిల్లలు ముందు వేలు చూపించేది దాన్నే. మిగతా చోట్ల అడ్డదారి పనికిరాదు, హెచ్‌డీ 46223 లాంటివి 5,000 కాంతి సంవత్సరాల నుంచి కూడా దగదగలాడతాయి.

నల్లటి తొండం మీద ఏ చుక్క కనిపిస్తున్నా దాన్ని తొండం కన్నా ముందే పెట్టాలి, గయా లెక్క లేకపోయినా సరే. అడ్డుగోడ వెనకున్న దీపం గోడ మీదుగా కనిపిస్తే బుర్ర ఒప్పుకోదు, అక్కడ లోతు మొత్తం కూలిపోతుంది. అలాగే ఫ్రేము అంచుకి 40 పిక్సెళ్ళ లోపు ముందువరస నక్షత్రం ఉంటే దాన్ని సున్నాకి దించండి. ముందుకొచ్చిన వస్తువుని ఫ్రేము కోసేస్తే కిటికీ అనే భ్రమ పోతుంది. చివర్లో రెండు బొమ్మల్లోనూ అటూ ఇటూ 20 పిక్సెళ్ళు కత్తిరించేయండి.

చూడటం

మొదట కళ్ళజోడు లేకుండా చూసుకోండి, తప్పులు అప్పుడే దొరుకుతాయి. ఎడమది ఎడమ పక్క, కుడిది కుడి పక్క పెట్టి దూరంగా చూస్తున్నట్టు కళ్ళు వదిలేయడం సమాంతర పద్ధతి. దీనికి రెండు బొమ్మల్లో ఒకే నక్షత్రం మధ్య దూరం 62, 63 మి.మీ. దాటకూడదు, మన కళ్ళ మధ్య ఉండేది అంతే. ఆరున్నర అంగుళాల ఫోను అడ్డంగా పెడితే తెర 150 మి.మీ. వస్తుంది, సగం 75. అందుకే ఫోనులో నిండుగా పెడితే ఎంత తంటాలు పడ్డా కలవదు. ఒక్కో బొమ్మని 60 మి.మీ.కి తగ్గించండి. పెద్ద మానిటర్ మీదైతే ఎడమ కుడి మార్చి మెల్లకన్ను పద్ధతి. మార్చకుండా మెల్లకన్నుతో చూస్తే లోతు తిరగబడుతుంది, గారె గిన్నె అయిపోతుంది.

పిల్లల చేతికివ్వడానికి 4×6 ప్రింట్లు వేయించండి, ఏ ఫొటో స్టూడియోలోనైనా వేస్తారు. 60 మి.మీ. బొమ్మలు రెండు పక్కపక్కన. కళ్ళజోడు షాపుల్లో దొరికే ప్లస్ 4 రీడింగ్ గ్లాసులు పెట్టుకుని 25 సెం.మీ. దూరంలో కార్డు పట్టుకుని, ముక్కు దగ్గర నుంచి కార్డు మధ్య దాకా ఒక అట్ట నిలబెడితే చాలు, చవకైన స్టీరియోస్కోప్. ఆ సైజులో మీ 60 పిక్సెళ్ళ తేడా 0.87 మి.మీ. మాత్రమే. అయినా కంటికి అది పుష్కలం.

ఇక తలనొప్పి. హైడ్రోజన్-ఆల్ఫా 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, నికార్సైన ఎరుపు. ఎరుపు-సయాన్ కళ్ళజోడులో ఎడమకంటికి ఎరుపు అద్దం. ఎర్ర నెబ్యులాని రంగులతోనే అనాగ్లిఫ్ (ఆ కళ్ళజోడు కోసం రెండు కళ్ళ బొమ్మల్నీ ఒకేదాంట్లో కలిపిన ఫొటో) చేస్తే ఎడమకంటికి నెబ్యులా మొత్తం కనిపిస్తుంది, కుడికంటికి దాదాపు చీకటి. రెండు కళ్ళూ రెండు వేర్వేరు సంగతులు చెప్తుంటే మెదడు పోట్లాట పెట్టుకుంటుంది. ఇది కళ్ళజోడు నాణ్యత సమస్య కాదు, ఎంత ఖరీదైనది కొన్నా అంతే.

మందు సులువు: రెండు బొమ్మల్నీ ముందు బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఎడమ బొమ్మని ఎరుపు ఛానెల్‌లో, కుడి బొమ్మని ఆకుపచ్చ, నీలం రెండింట్లో పెట్టండి. రంగు పోయిందని బాధపడకండి, లోతు వస్తుంది. రంగు ఉండి తీరాలంటే ముందు ప్యాలెట్ మార్చాలి: హైడ్రోజన్‌ని బంగారు రంగుకి, ఆక్సిజన్‌ని నీలికి లాగితే ఎరుపు, ఆకుపచ్చ ఛానెళ్ళలో రెండు కళ్ళకీ సరుకు దొరుకుతుంది. అప్పుడు స్టీరియోఫోటో మేకర్ సాఫ్ట్‌వేర్‌లో డుబోయ్ అనే రంగులు కలిపే పద్ధతి ఎంచుకోండి. పూర్తయ్యాక అనాగ్లిఫ్‌లో ఎరుపు ఛానెల్‌నీ ఆకుపచ్చ ఛానెల్‌నీ విడివిడిగా తెరిచి చూడండి. రెండింట్లోనూ నెబ్యులా దాదాపు ఒకే వెలుగులో ఉంటే తలనొప్పి రాదు.

ప్రొజెక్టర్ దగ్గర ఒక లెక్క. తెర వెనక్కి పోయే తేడా చూసేవాళ్ళ కళ్ళ మధ్య దూరాన్ని మించితే కళ్ళు బయటికి తిరగాలి, అది ఎవరివల్లా కాదు. పిల్లలకి ఆ దూరం పెద్దవాళ్ళకన్నా తక్కువ, 50 మి.మీ. అనుకుని లెక్కేసుకోండి. పైన చెప్పిన మైనస్ 28 పిక్సెళ్ళు 6 మీటర్ల వెడల్పు తెర మీద కూడా 41 మి.మీ. దగ్గరే ఆగుతాయి, కాబట్టి కాలనీ గోడ మీద వేసే తెరకి ఢోకా లేదు. బాగా పైకి లేవాలని తేడాని రెట్టింపు చేస్తే మాత్రం 4 మీటర్ల దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి లోతు తక్కువగా, వెనకవాళ్ళకి ఎక్కువగా కనిపిస్తుంది, అది మామూలే.

కళ్ళజోడుతో ఏమీ కనిపించలేదనే పిల్లలు ఒకరిద్దరుంటారు. రెండు కళ్ళ చూపు కలవనివాళ్ళకి స్టీరియో ఏ పద్ధతిలోనూ రాదు. వాళ్ళకోసం ఊగే యానిమేషన్ ఒకటి సిద్ధం చేసుకోండి: డిస్‌ప్లేస్ స్కేలుని మైనస్ 6 నుంచి ప్లస్ 6 దాకా ఒక్కో అంకె చొప్పున పెంచుతూ 13 ఫ్రేములు, మళ్ళీ వెనక్కి. ఒక్కో ఫ్రేముకి నక్షత్రాల మాస్కుల్ని కూడా అదే నిష్పత్తిలో జరపాలి, లేకపోతే నెబ్యులా ఊగుతుంది, చుక్కలు నిలబడిపోతాయి.

ఫైలు పీఎన్‌జీలో సేవ్ చేయండి. జేపెగ్ అయితే క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:4:4 పెట్టుకోవాలి. మామూలు సెట్టింగులో రంగు వివరాన్ని నాలుగో వంతుకి కుదిస్తుంది, అనాగ్లిఫ్‌లో రెండు కళ్ళ బొమ్మలూ రంగులోనే ఉన్నాయి కాబట్టి ఒకటి ఇంకోదాంట్లోకి కారి, నక్షత్రాల పక్కన దెయ్యపు చుక్కలు వస్తాయి. ప్రొజెక్టర్ ఉన్నాయనకి వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.